వెన్ను గట్టిపడేదాకా

“మీరు ఏం చూసినా సరే, సిద్ధం కాలేదనే చెప్పండి డాక్టరు గారూ,” అంది గ్రోవా, కాఫీ వంపుతూ.

కౌరి చేతిలో కప్పు సగంలో ఆగింది. ఉత్తర ఐస్‌లాండ్‌లోని ఆ లోయకు అతను పశువుల డాక్టరుగా వచ్చి నెల కూడా కాలేదు. ఆ ఇంటి గుర్రాన్ని ఇంకా కళ్లతో చూడలేదు.

“చూడకముందే చెప్పమంటే ఎలాగమ్మా? పై శిక్షణకు పనికొస్తుందా అంటే వెన్ను గట్టిపడిందో లేదో చూడాలి, వయసుకు పళ్లు చూడాలి. ఉంటే ఉందంటాను, లేకపోతే లేదంటాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు.”

“పాత డాక్టరు గారికి బాగానే చేతనయ్యేది.”

“ఆయన ఆయనే, నేను నేనే.”

గ్రోవాకు కోపం రాలేదు. కోపమైనా ఏడుపైనా ఆమెకు అంత తొందరగా రావు. రొట్టె కోసి, పొగబెట్టిన గొర్రె మాంసం దాని మీద పరిచి, అతని ముందుకు తోసింది.

“సిద్ధమైందని మీరు అన్నారంటే, మా ఆయన ఈ క్షణమే దాన్ని పట్టుకుని కొండెక్కుతాడు, అమ్మాయికి ఇచ్చేసి వస్తానని. మధ్యలో ఏరు పొంగి ఉంది. ఆయన మోకాళ్లు చూశారుగా? అవతలి ఒడ్డు చేరడు.”

“ఆ మాట ఆయనకు చెప్పాలి గానీ, గుర్రం మీద నెట్టేస్తే ఎలా?”

“నా మాట వినే మనిషైతే మిమ్మల్ని బతిమాలడం దేనికి?”

ఆమె లేచింది. గుమ్మం పక్కన ఆడపిల్ల బూట్లు ఒక జత, కొవ్వు రాసి తుడిచినవి, నిగనిగలాడుతున్నాయి. వాటికి కాలు తగలకుండా పక్కనుంచి నడిచింది. చూసి, కౌరి కూడా అలాగే నడిచాడు.

బయట కంచె దగ్గర ఆమె భర్త ఓడ్డూర్ అప్పటికే కాచుకుని ఉన్నాడు. పక్కన కంచె మీద ఒక్క గీతైనా పడని జీను. లోపల తెల్లటి ఆడగుర్రం.

“ఇదేనా క్రుమ్మా? కాకి అని పేరు పెట్టి కొంగను చూపిస్తున్నారేంటి పెద్దాయనా?” అన్నాడు కౌరి.

ఓడ్డూర్ పకపకా నవ్వాడు. “పుట్టినప్పుడు కాకే బాబూ. తర్వాత వెలిసింది. మా అమ్మాయి వేదీస్ పెట్టిన పేరు. మార్చానంటే నా వీపు విమానం మోత మోగిస్తుంది.”

“దీని మీద ఎవరైనా ఎక్కారా?”

“అమ్మాయి జీను అలవాటు చేసింది, అంతే. దీనికి నాలుగేళ్లు నిండాయో లేదో, గొర్రెల్ని దింపుకురావడానికి వేదీస్ కొండెక్కింది. ‘దీని ఎముక ముదరనీ నాన్నా, అప్పుడు అసలు నడకలు నేర్పిస్తా. అందాకా ఎవర్నీ ఎక్కనివ్వకు’ అంది. నేను పిట్టనైనా వాలనివ్వలేదు.” గొంతు తగ్గించాడు. “మీ పాతాయన ఉత్త భయస్తుడు. ఎప్పుడూ ఆగు, ఆగు అనేవాడు. పైన నా పిల్ల తాను ఎక్కెళ్లిన ముసలి గుర్రంతో ఎంత అవస్థ పడుతోందో. మీరు ఊ అనండి చాలు, ఇప్పుడే తోలుకెళ్తాను.”

కౌరి కంచె దాటి లోపలికి వెళ్లాడు. వెన్ను పొడవునా వేళ్లతో నొక్కాడు. మోకాళ్లు తడిమాడు. క్రుమ్మా కదల్లేదు, చెవులైనా ఆడించలేదు. కంచె మూల బకెట్‌లో నీళ్లలో నానబెట్టిన దాణా ఉంది. దాన్ని ఒకసారి చూసి, గుర్రం పెదవి పైకెత్తాడు. తల వెలుగువైపు తిప్పి పళ్లు మళ్లీ చూశాడు.

తర్వాత గ్రోవా వైపు చూశాడు. ఆమె ఏటివైపు చూస్తోంది.

“ఏమంటారు?” అన్నాడు ఓడ్డూర్. అతని చెయ్యి అప్పటికే జీను మీద ఉంది.

కౌరి గుర్రం పెదవిని మెల్లగా వదిలాడు.

“తొందరపడకండి పెద్దాయనా. ఎముక ఇంకా లేతగానే ఉంది. వచ్చే ఏడు చూద్దాం.”

“చూశావా! వేదీస్ చెప్పిందే నిజమైంది. దానికి తెలియని గుర్రమా?” అన్నాడు ఓడ్డూర్, భార్యతో. మొహం వాడిపోయినా గొంతులో గర్వం ఉంది. జీను భుజాన వేసుకుని, దాన్ని చొక్కా చేత్తో తుడుచుకుంటూ, కుంటుకుంటూ కొట్టంలోకి వెళ్లాడు.

గ్రోవా బకెట్ తెచ్చి గుర్రం ముందు పెట్టింది.

“వచ్చే ఏడు కూడా మీరే వస్తారా?” అంది.

“నేనే వస్తానమ్మా.”

ఆమె తలూపింది. క్రుమ్మా నానిన దాణాను మెల్లగా, చాలా మెల్లగా నమలసాగింది.

దానికి ఇరవై నాలుగేళ్లు.