వెనక సీటు

బియ్యం మొదలుకొని బొట్టుబిళ్లల దాకా అన్నీ డ్రోన్లే గుమ్మంలో దించిపోతున్నాక, కొండమీద రోడ్లు బాగుచేసేవాళ్లూ లేకపోయారు, వాటిమీద నడిచేవాళ్లూ లేకపోయారు. అయినా కిల్లో చిలకమ్మ నాలుగు చక్రాల కొండబండి కొని తీరతానంది. తోలి చూసుకోమని షాపువాళ్లు రెండు బళ్లు పంపితే, అవి వాటంతటవే వచ్చి వాకిట్లో ఆగాయి.

మొదటిదానికి వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి ఉన్నాయి. ఒక చక్రం రాయెక్కిందంటే బండంతా ఒరిగిపోయేది. రెండోదానికి ఏ చక్రం స్ప్రింగు దానిదే. ఒకటి గుంటలో దిగినా సీటుకి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఒక్కరే కదమ్మా, ఇరుసుది తీసుకోండి. మొండిది, రిపేర్లు తక్కువ," అన్నాడు ఫోన్లో షాపతను.

"నాకైతే సాలు బాబూ. ఎనక కూకున్నోలికి నడుం ఇరిగిపోదేటి?"

"వెనకెవరు కూర్చుంటారు?"

"బాగుందయ్యా! సంతకెల్తూ దార్లో నడిసెల్లేవోల్ని ఎక్కించుకోకుండా ఎలిపోతావేటి?"

సంత ఎప్పుడో ఎత్తేశారని అతనికి తెలియదు. చిలకమ్మ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే తలకు నూనె రాసుకుని, కొత్త కోక కట్టుకుని, తాను కొన్న స్ప్రింగుల బండి మీద సంతకి బయల్దేరింది. సంతబయలు నిండా తుప్పలు మొలిచాయి. కాసేపు ఇంజను ఆపకుండా అక్కడే కూర్చుని, బండి వెనక్కి తిప్పింది.

"వెనక సీటు ఖాళీగా ఉంది. వెనక కూర్చునేవాళ్ల కోసం మెత్తగా ఉంచిన స్ప్రింగులు బిగించమంటారా?" అడిగింది బండి.

"ఒద్దు, అలాగే ఉండనీ."

ఇంటిదాకా, ప్రతి మలుపు దగ్గరా బండిని నెమ్మది చేస్తూనే ఉంది.