గాడిదలు కొన్న రోజు నుంచి

"మళ్లీ వచ్చాడు మేడం, గాడిదల తాత" అన్నాడు గేటు దగ్గరి జవాను.

రికార్డులావిడ తల పట్టుకుంది.

పెద్దాయన అప్పటికే గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికొచ్చి బెంచీ చివర సర్దుకుని కూర్చున్నాడు. మంగళవారం వచ్చిందంటే గడియారం తప్పినా ఆయన తప్పడు.

ఆ సిగ్నల్ పటాలానికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయి. దాని చరిత్ర రాసే పని ఆమె నెత్తిన పడింది. మొదట్లో వైర్‌లెస్ సెట్లు కంచరగాడిదల మీద కొండలెక్కేవి. తరవాత లారీలొచ్చాయి. ఇప్పుడు అవే సెట్లు అరచేతిలో ఇమిడిపోతున్నాయి. ఇదంతా మూడు వందల పేజీల్లో సర్ది నెలాఖరుకల్లా అచ్చుకి ఇవ్వాలి.

నెత్తిన పడిందని అందరూ అనుకున్నారు గానీ, ఆమె అడిగి మరీ తీసుకుంది.

ఆ పటాలంలో ఒక వైర్‌లెస్ ఆపరేటరు పేరు పక్కన యాభై రెండేళ్లుగా 'ఆచూకీ లేదు' అని ఉంది. ఆయన ఆమె తండ్రి. ఆయన యుద్ధానికి వెళ్లిన మూడు నెలలకు ఆమె పుట్టింది. సొంత గోల కోసం ఈ పనికి ఎగబడిందంటారని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో తల్లి రోజూ సాయంత్రం అడిగేది.

"ఏమైనా తెలిసిందా?"

"ఇంకా లేదమ్మా."

"చెప్పండి పెద్దాయనా" అంది ఆమె ఆవేళ ఆఫీసులో, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

"రాసుకుంటావా తల్లీ? గాడిదలు కొన్న రోజు నుంచి చెబుతాను. మొత్తం నలభై. అందులో ఒకదానికి ఒంటిచెవి..."

"అది పోయిన వారం చెప్పారు."

"లాడాలు కొట్టడం చెప్పానా?"

"రెండుసార్లు."

"అయితే మొదటి మకాం."

"పెద్దాయనా, మీరు యుద్ధంలోకి వెళ్లారా? వెళితే ఆ సంగతి చెప్పండి, చాలు."

ఆయన నొచ్చుకున్నాడు.

"మధ్యలోంచి ఎలా వస్తుందమ్మా? నాకు చదువు రాదు. వరసలో చెప్పుకుపోతేనే గుర్తుంటుంది. ఒకటి తప్పితే మిగతావన్నీ చెదిరిపోతాయి."

గొంతు సవరించుకుని మళ్లీ అందుకున్నాడు. "మొత్తం నలభై..."

ఆమెకు ఓపిక నశించింది. పుస్తకం వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి తుపాకీ ముట్టనివాళ్లు కూడా వచ్చి గొప్పలు చెప్పిపోతున్నారు. ఈయనా ఆ బాపతేనేమో. సర్వీసు నంబరు అడిగింది. ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆయన ఎదురుగానే పటాలం జాబితా మొత్తం తిరగేసింది.

"మీ నంబరు మా జాబితాలో లేదండీ."

"లేదా?"

"ఎక్కడా లేదు. మీరు మా పటాలం మనిషే కాదు. నాకు బోలెడంత పని ఉంది, ఇక రావద్దు."

పెద్దాయన ఆమె వేలి కింద పేజీ వైపు, చదవడం వచ్చినట్టే చాలాసేపు చూశాడు.

"చదువుకున్నదానివి, చూసే చెబుతావు" అని లేచాడు.

చెప్పులు తొడుక్కోవడానికి గోడ పట్టుకుని నానా అవస్థ పడ్డాడు. ఆమె లేవలేదు.

పుస్తకం అచ్చయింది. తండ్రి పేరు పక్కన ఆ పాత మాటే అచ్చయింది. తల్లి పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆ పేరు మీద వేలు ఆనించి కూర్చుంది. ఆ సాయంత్రం నుంచి అడగడం మానేసింది.

రెండు నెలల తరవాత, ఎక్కడో గిడ్డంగి ఖాళీ చేస్తూ ఒక పాత కట్ట పంపారు. అందులో గాడిదల దళం జాబితా, రోజువారీ డైరీ ఉన్నాయి. జాబితా తెరవగానే పెద్దాయన నంబరు మొదటి పేజీలోనే కనిపించింది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. గాడిదలూ, వాటిని తోలేవాళ్లూ పటాలానికి సొంతం కాదు, వేరే దళం నుంచి అరువుకొచ్చేవాళ్లు. వాళ్ల నంబర్లు వాళ్ల జాబితాలోనే ఉంటాయి. మూడు వందల పేజీలు రాసిన మనిషికి ఆ మాత్రం తట్టలేదు.

సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. కట్టను అలాగే సంచిలో వేసుకుని, గేటు పుస్తకంలో ఉన్న చిరునామా పట్టుకుని బయల్దేరింది. క్షమించమని అడగాలి. గాడిదలు కొన్న రోజు నుంచే చెప్పించుకోవాలి.

కోడలు తలుపు తీసింది.

"మామయ్యగారు పోయి తొమ్మిది రోజులైందండీ."

కోడలు ఆమె సంచిలోంచి కనిపిస్తున్న పాత కాగితాల వైపు చూసింది.

"రికార్డులావిడ మీరేనా? మీ దగ్గరికి రావాలని ప్రతి మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకునేవారు. మీరు వద్దన్నాక ఆ చొక్కా ముట్టుకోలేదు."

"ఆయన కథ... మీకు పూర్తిగా చెప్పారా?"

"మొదలుపెట్టేవారు. గాడిదలు కొన్న రోజు నుంచి." కోడలు నవ్వబోయి ఊరుకుంది. "వంటా, పిల్లలూ, పనీ. చివరిదాకా ఎవరు విన్నారండీ? ఎవరినో కొండ మీద తన చేతులతో పూడ్చి వచ్చారట. ఆ చోటు తనకొక్కడికే తెలుసనేవారు. ఎవరిని, ఎక్కడ అని అడిగితే, అది ఆఖర్న వస్తుందమ్మా, వరసలో చెబుతా అనేవారు."

ఆమె గుమ్మంలోనే కూర్చుని డైరీ తెరిచింది. తండ్రి కనపడకుండా పోయిన తేదీ ఆమెకు కంఠతా వచ్చు.

ఆ తేదీ కింద మూడు పంక్తులు ఉన్నాయి. సెట్టుతో ఒక ఆపరేటరునూ, గాడిదను తోలే ఒక మనిషినీ కొండ మీదికి పంపాం. తోలేవాడు ఒక్కడే ఒళ్లంతా గాయాలతో తిరిగొచ్చాడు. రాగానే స్పృహ తప్పినందున వాంగ్మూలం తీసుకోకుండా ఆసుపత్రికి పంపించాం.

పక్కన ఇద్దరి నంబర్లూ రాసి ఉన్నాయి, ఒకటి ఆమె తండ్రిది, రెండోది ఆమె ఇక రావద్దన్న పెద్దాయనది.