ఈగ వేసే కొంగ, బురద తొక్కే కొంగ

పిల్లలూ, చేపలు పట్టే తీరు గురించి కొంగలు కూడా పోట్లాడుకుంటాయి. ఎలాగో చెబుతాను, వినండి.

ఒక మడుగులో ఊరికొంగ కాలితో బురద కలిపి, ఒక తల్లి జెల్లచేపను తొక్కిపట్టింది. అప్పుడే చలిదేశాలు తిరిగొచ్చిన బూడిదరంగు కొంగ వచ్చి పక్కన వాలింది.

"ఛీ, ఇదేం పట్టడం తమ్ముడూ! అక్కడ మేం నీటి మీద ఈగను వదిలి, చేప తనంతట తాను వచ్చేదాకా ఆగుతాం. మర్యాదంటే అదీ."

"తినే చేపకు మర్యాద ఎందుకన్నా? మీ దేశంలో ఆకలి వేయదా?"

"ఆకలి వేరు, కళ వేరు!"

కాలి కింద జెల్లకు ఊపిరాడటం లేదు. బొరియలో దాని పిల్లలు ఎదురుచూస్తున్నాయి. "అయ్యలారా, రెండూ అనుభవిస్తే గానీ ఏది గొప్పో నేను చెప్పలేను" అంది జెల్ల.

"విన్నావా? వదులు దాన్ని. ఈగతో పట్టి చూపిస్తాను" అంది బూడిదకొంగ.

"పట్టు చూద్దాం!" అంటూ ఊరికొంగ పౌరుషంగా కాలెత్తేసింది.

మరి జెల్ల ఎక్కడ తింటుంది? మడుగు అడుగున. పైన తేలే ఈగ వైపు చూడనైనా చూడదు. ఆ సంగతి ఊరికొంగకు తెలుసు, కానీ పంతంలో మరిచిపోయింది.

పొద్దు వాలింది. "మీ చేపలకు మర్యాద తెలియదు" అని ఒకటి, "మీ ఈగలకు రుచి లేదు" అని ఇంకొకటి ఖాళీ కడుపులతో అరుచుకుంటున్నాయి.

అడుగున పిల్లజెల్ల అడిగింది. "అమ్మా, ఏ పద్ధతి గొప్పది?"

"వాళ్లు వాదించుకునే పద్ధతే, నాన్నా" అంది తల్లి.