దిబ్బలో తవ్విన దారి

ఆదం మణికు కోపం సముద్రం మీద కాదు, షఫీగ్ మీద. అలల మీద ఆడుకునే తెల్లవాళ్ల పడవల కోసం, మణికు ఇంటెదుటి పగడపు దిబ్బను షఫీగ్ తవ్వించాడు. అప్పటినుంచి నైరుతి గాలి లేస్తే చాలు, కెరటాలు నేరుగా మణికు వాకిట్లోకే.

ఆ రాత్రి గాలివానలో షఫీగ్ పడవ తిరిగొచ్చింది. మణికు లాంతరు పట్టుకుని ఒడ్డున నిలబడి ఉన్నాడు.

"అన్నా, లాంతరెత్తు. దారి కనపడట్లేదు."

"నువ్వు తవ్విన దారేగా, తడుముకో," అని మణికు లాంతరు ఆర్పేశాడు.

పడవ దిబ్బకు కొట్టుకుంది. ఇంజను చప్పుడు ఆగిపోయింది. మణికు నవ్వుకున్నాడు.

కాసేపటికి గాలి పడిపోయింది. అలల హోరూ లేదు.

"అన్నా, లాంతరెత్తు."

ఈసారి గొంతు వెనకనుంచి, ఇంటివైపునుంచి వచ్చింది.

మణికు అగ్గిపుల్ల గీసి తిరిగి చూశాడు. అక్కడ నల్లటి నీళ్లు కదలకుండా ఉన్నాయి. పోయాయి ఇల్లూ, పదకొండు కొబ్బరిచెట్లూ, పన్నెండు వందల చదరపు అడుగుల నేలా.