నలభై ఒక్క స్ట్రైకవుట్లు

"చీఫ్ గెస్టుగా మీ బేస్‌బాల్ కోచ్‌నే పిలిచానండీ కిషన్‌రావు గారూ. మీ ఘనత ఆయన నోటితోనే వింటే బాగుంటుంది కదా" అన్నాడు శ్రీనివాసమూర్తి, నోరంతా తెరిచి నవ్వుతూ.

కిషన్‌రావు గుండెల్లో రాయి పడింది. శాండ్రింగ్‌హామ్ హాల్లో తెలుగు సంఘం వాళ్ళు నూట యాభై మంది కూర్చుని ఉన్నారు. ముందు ఆయనకి సన్మానం, ఆ వెంటనే చేతులెత్తించి కొత్త ప్రెసిడెంటు ఎన్నిక. పోటీలో ఉన్నది ఇద్దరే, ఆయనా మూర్తీ. ఆ కుర్చీ కోసం రెండేళ్ళుగా కిషన్‌రావు చెప్పుకోని గొప్ప లేదు. ఇవాళ హాల్లో ప్రతి సీటు మీదా ఒక కరపత్రం కూడా వేయించాడు. పైన 'బేస్‌బాల్ సింహం కిషన్‌రావు సూక్తులు' అని పెద్ద అక్షరాలు. కింద సూక్తులు: "బంతిని నేను కొట్టను, సాగనంపుతా." "నేను బ్యాట్ పట్టిన్నంటే పక్షులు రూటు మార్చుకుంటయ్." "పాపకూర బేస్‌బాల్ క్లబ్బుల స్ట్రైకవుట్ల రికార్డు నాదే."

చివరిది మాత్రం పచ్చి నిజం. చిక్కంతా దానితోనే. బేస్‌బాల్‌లో స్ట్రైక్ అంటే కొట్టడం కాదు, బ్యాట్ ఊపినా బంతి తగలకపోవడం. అలా మూడుసార్లయితే స్ట్రైకవుట్, మూట సర్దుకుని బయటికి రావాలి. మనవాళ్ళకి క్రికెట్‌లో స్ట్రైక్ రేటు తెలుసు, స్ట్రైకర్ తెలుసు. అందుకని స్ట్రైకవుటంటే గ్రౌండ్ అవతల పడేలా బాదడమే అనుకున్నారు. కిషన్‌రావు అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఈ గుట్టు కాస్తా మొన్ననే మూర్తికి తెలిసిపోయింది.

కోచ్ ట్రెవర్ మైకు అందుకున్నాడు. ముక్కుసూటి మనిషి. "ముప్పై ఏళ్ళుగా కోచింగ్ ఇస్తున్నాను. ఒక్క సీజన్లో నలభై ఒక్క స్ట్రైకవుట్లు! ఇలాంటి మనిషిని నా జన్మలో చూడలేదు" అన్నాడు ఇంగ్లీషులో.

హాలు ఈలలతో దద్దరిల్లింది. ట్రెవర్ తికమకపడి, ఈసారి ఇంకాస్త విడమరిచి చెప్పబోయాడు. "ఇతను బ్యాట్ పట్టుకుని వస్తున్నాడంటే అవతలి జట్టులో బంతి వేసేవాడు దేవుణ్ణి తలుచుకుంటాడు!"

చప్పట్లు.

"ఇతను పాపకూరలో బ్యాట్ ఊపితే ఆ గాలి ఆరొందల కిలోమీటర్ల అవతల వెల్లింగ్టన్‌లో తగులుతుంది!"

జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. "మనోళ్ళు కూడా ఇంత మనసారా పొగడరమ్మా" అని సత్యమ్మ ఆంటీ కొంగుతో కళ్ళొత్తుకుంది. శాలువా కప్పుకున్న కిషన్‌రావు తల వంచుకున్నాడు. అది భయమని తెలియక, ఎంత వినయమో అనుకున్నారు అందరూ.

మూర్తి మైకు లాక్కున్నాడు. "అయ్యా, అది పొగడ్త కాదండీ బాబూ! స్ట్రైకంటే బంతి తగల్లేదని అర్థం! నలభై ఒక్కసార్లు గాల్లో ఊపి అవుటైపోయాడండీ ఈ మహానుభావుడు!"

"ఏంది మూర్తిగారూ, ఓర్వలేనితనం గిట్ల బయటపెట్టుకుంటరా?" కిషన్‌రావు మనిషి గిరిధర్ లేచాడు. "స్ట్రైక్ రేటు ఎక్కువుంటే మంచిదా, చెడ్డదా? చెప్పుర్రి!"

"మంచిదే!" అంది హాలు.

మూర్తి మొహం ఎర్రబడింది. "అయితే కొట్టి చూపించమనండి. ఇప్పుడే. కోచ్ గారే బంతి వేస్తారు."

"అన్నం చల్లారుతది" అన్నాడు కిషన్‌రావు నీరసంగా.

"బిర్యానీ ఏడికి పోతదన్నా!" అంటూ ఆయన్ని దాదాపు ఎత్తుకొచ్చినట్టే హాలు వెనక గ్రౌండ్‌లోకి తెచ్చారు. ట్రెవర్ కారులోంచి బ్యాటూ బంతీ తీశాడు. మూర్తి గ్లవ్ తొడుక్కుని కిషన్‌రావు వెనక నిలబడ్డాడు. "ఎలాగూ నా దగ్గరికే వస్తుంది కదండీ" అన్నాడు మెల్లగా.

కిషన్‌రావు కళ్ళు మూసుకుని ఊపాడు. బంతి వెళ్ళి మూర్తి గ్లవ్‌లో పడింది.

"స్ట్రైక్!" అలవాటు కొద్దీ అరిచాడు ట్రెవర్.

జనం ఎగిరి గంతేశారు. "బంతి తగిలినట్టు లేదు కదనే?" అని ఎవరో సణిగితే, "కోచే స్ట్రైకంటుండు, నీకెక్కువ తెలుసా?" అని గిరిధర్ నోరు మూయించాడు. మూర్తి పళ్ళు నూరుతూ బంతి వెనక్కి విసిరాడు. రెండోసారీ అంతే. మూడోసారి ఊపిన ఊపుకి కిషన్‌రావు భుజం పట్టేసింది, బంతి మాత్రం మళ్ళీ మూర్తి గ్లవ్‌లోనే పడింది.

"స్ట్రైక్ త్రీ! అవుట్!"

ఆ చివరి మాటకి అర్థం మాత్రం మనవాళ్ళకి బాగా తెలుసు. ఒక్కసారిగా అందరూ చప్పబడిపోయారు. మూర్తి బంతిని పైకెత్తి గొంతు చించుకున్నాడు. "చూశారా! ఇదిగో, నా చేతిలోనే ఉంది! ఇప్పటికైనా నమ్ముతారా?"

కిషన్‌రావు కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది. కుర్చీ పోయింది, పరువూ పోయింది. రేపట్నుంచి శాండ్రింగ్‌హామ్‌ ఇండియన్ షాపుల్లో పప్పులు కొనుక్కోవడానికి కూడా మొహం చెల్లదు.

"క్యాచ్!" గిరిధర్ కేకకి మళ్ళీ కళ్ళు తెరిచాడు. "అవుటన్నడు విన్నరా! మూర్తిగారు క్యాచ్ పట్టిండు!"

"ఆ సింహాన్నే అవుట్ చేశాడా నా తండ్రి!" అంది సత్యమ్మ ఆంటీ.

జనం కిషన్‌రావుని తోసుకుంటూ పోయి మూర్తిని భుజాల మీదికెత్తుకున్నారు. "ప్రెసిడెంట్ మూర్తిగారే!" అన్నారెవరో. ఖాళీగా ఉన్న చేతులన్నీ లేచాయి.

అది క్యాచ్ కాదు, నాకసలు బంతి తగల్నేలేదు అన్న మాట కిషన్‌రావు నాలుక చివరి దాకా వచ్చింది. అంటే సింహం బిరుదు కూడా పోతుందని మింగేశాడు. ఇక ఆ నిజం చెప్పగలిగింది మూర్తి ఒక్కడే. ఆశగా అతని వైపు చూశాడు.

భుజాల మీద కూర్చున్న మూర్తి కూడా ఆయన వంకే చూశాడు. చప్పట్లు కొడుతున్న జనాన్ని చూశాడు. చేతిలో బంతిని చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అంత స్పీడుగా కొట్టిన బంతిని పట్టుకోవడమంటే మాటలు కాదండీ!"