దారి లేని గూడు

వాగు పక్క ఈతచెట్టుకి ఒక గిజిగాడు మూడు గూళ్లు అల్లి, మూడూ పీకి పారేశాడు. ఒకదానికి జల్లు కొడుతుందన్నాడు, ఇంకోదాంట్లోకి పాము దూరుతుందన్నాడు, మూడోది వంకరన్నాడు. గుడ్లు పెట్టే వేళ దగ్గరపడి, వాడి పెళ్లానికి రెక్క ఆడించే ఓపిక కూడా లేదు.

నాలుగోది కట్టి మురిసిపోయాడు. "చూడవే! గాలి రాదు, వాన రాదు, పాము రాదు."

ఆవిడ గూడు చుట్టూ రెండుసార్లు తిరిగింది. "దారేదయ్యా?"

"దారి పెడితే పాము రాదూ?"

"మరి నేను లోపలికి ఎలా పోవాలి?"

"నువ్వెందుకే పోవడం? మనం దూరితే పాడైపోదూ!"

వాడు పారేసిన పరకల్లో ఒకటి ఆవిడ ముక్కున కరుచుకుని, నిరుటి గూటి చిల్లులు పూడ్చుకోవడానికి మెల్లగా ఎగిరిపోయింది.