మోకాలెత్తు సున్నం

“నువ్వు మల్ల వచ్చినవా పెద్దాయనా? సాయంత్రం రమ్మన్న గద,” ఇళ్ల బ్రోకరు మహిపాల్ ముఖం చిట్లించాడు.

“సాయంత్రం దాంక ఆగలేను. పైసలు తెచ్చిన,” అన్నాడు కిష్టయ్య. చంకలోని గుడ్డసంచిని ఇంకాస్త గట్టిగా అదుముకుని గడప దాటాడు.

వనపర్తి శివారులో రెండు గదుల ఇల్లు అది. ముందు గదిలో అప్పటికే ఒక జంట నిలబడి ఉంది. అబ్బాయి శ్రవణ్, ట్రాక్టర్ల షోరూములో మెకానిక్కు. అతని భార్య నందిని, అంగన్‌వాడీ టీచరు. సంచి చూడగానే ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి.

పొద్దున బయలుదేరుతుంటే భార్య పుష్పమ్మ అడిగిన మాటే కిష్టయ్య చెవుల్లో ఉంది. “ఇయ్యాలనన్న పని అయితదా?” అంది పాపం. ఊరు రిజర్వాయరు కింద పోయి నాలుగేళ్లు. పరిహారం చేతికొచ్చిన నాడు ఇల్లు కొనాలని ఎంత తిరిగారో! ఇల్లయితే కుదరలేదు గానీ కిరాయి రేకుల గది మాత్రం కుదిరింది. ఇప్పుడు ఆ గది ఓనరు కూడా నెలాఖరుకు ఖాళీ చేయమంటున్నాడు. ఇవాళ ఉత్త చేతులతో పోతే ఆమె ముఖం చూడలేడు.

“చూస్తుండ్రు గద తమ్మీ,” మహిపాల్ శ్రవణ్ వైపు తిరిగాడు. “నేను ఆపినా జనం ఆగుతలేరు. రేపటి సంది మూఢం. రెండు నెలలు మంచి దినమే లేదు. ఇయ్యాల అయిదు లోపల బయానా పైసలు పడాలె.”

“కాగితాలు ఒకపారి వకీలుకు చూపిస్తమన్నా.”

“చూపియ్యి, నేనొద్దంటనా? నువ్వొచ్చే వరకు ఈ పెద్దాయన ఆగాలె గద.”

అంతలో ఫోన్ మోగింది. “ఆఁ సార్, ఉన్నది సార్. ఇప్పటికైతే ఉన్నది,” అంటూ మహిపాల్ వాకిట్లోకి వెళ్లాడు. గొంతు మాత్రం లోపలికి బాగానే వినబడుతోంది.

నందిని వంటింటి గట్టు మీద చెయ్యి పెట్టి చూస్తోంది. పొయ్యి ఎక్కడ పెట్టాలో మనసులో అప్పుడే అనుకుంటున్నట్టుంది. ఆమె మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. పుస్తెలతాడు బ్యాంకుకు పోయిందని కిష్టయ్యకు ఇట్టే అర్థమైంది. పుష్పమ్మది కూడా అలాగే పోయింది. పోయింది మళ్లీ రాలేదు.

అతను గోడ వైపు చూశాడు. ముప్పై ఏళ్లు బొంబాయిలో మేస్త్రీ పని చేసిన కళ్లు. గోడంతా పాత సున్నమే, కింద మోకాలెత్తు దాకా మాత్రం కొత్తది. చూపున్న ఎవరికైనా తెలిసేదే, తీరిగ్గా చూడనిస్తే గదా! నోరు మూసుకుని ఉందామనే అనుకున్నాడు. ఉండలేకపోయాడు.

“బిడ్డా, ఇట్ల రా,” నెమ్మదిగా పిలిచాడు. “ఈడ చెయ్యి పెట్టు.”

నందిని వంగి గోడను తాకింది. “సల్లగుంది పెద్దనాయనా.”

“నీళ్లు నిలవడ్డ గోడ ఇది. ఎనక చెరువుంది. వానకాలం ఇంట్లకే వస్తది. అది కనవడొద్దనే కింద సున్నమేసిండ్రు. ఇయ్యాల ఒక్క రూపాయి గూడ ఇయ్యకుండ్రి. పక్కిండ్లోళ్లను అడుగుండ్రి, వకీలుకు చూపియ్యుండ్రి. మంచి ఇల్లయితే రెండు నెలలకు యాడికి పోతది?”

నందిని బెదురుగా మొగుడి వైపు చూసింది. శ్రవణ్ కళ్లు మాత్రం కిష్టయ్య సంచి మీదే ఉన్నాయి.

“గంత పాడు ఇల్లయితే నువ్వెందుకు ఉరుక్కుంట వచ్చినవ్ పెద్దాయనా?”

కిష్టయ్య సంచిని వెనక్కి జరుపుకున్నాడు. మహిపాల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. ముఖంలో కోపం లేదు.

“మంచిగ అడిగినవ్ తమ్మీ. ఆయన వద్దంటే ఇప్పుడే పొమ్మంట, మీరు నిదానంగ సూసుకోండ్రి. చెప్పు పెద్దాయనా, ఈ ఇల్లు నీకు కావాల్నా, వద్దా?”

ఒక్క మాట. వద్దంటే ఆ పిల్ల బతుకుతుంది. కానీ వద్దన్నాక ఇంటికి ఏం మొహం పెట్టుకుని పోవాలి? రేకుల గది ముందు పుష్పమ్మ ఎదురుచూస్తూ కూర్చుని ఉంటుంది. ఆ పసుపుతాడు వైపు చూడలేక కిష్టయ్య తల దించుకున్నాడు.

“కావాలె,” అన్నాడు.

“విన్నవా?” శ్రవణ్ భార్యతో అన్నాడు. “మనల్ని బెదిరిచ్చి తనే తీస్కుందామని.”

నందిని చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంది. “పెద్దమనిషివి, గిట్ల చేస్తవనుకోలే,” అంది.

ఆ తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. మహిపాల్ దగ్గర కాగితం సిద్ధంగానే ఉంది. వాళ్లు చదవకుండానే సంతకాలు పెట్టారు. రుమాల్లో చుట్టిన నోట్ల కట్టను నందిని కళ్లకద్దుకుని మరీ ఇచ్చింది.

కిష్టయ్య బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. సిగ్గుతో ఒళ్లంతా చచ్చిపోయినట్టుంది. చెరువు మీది గాలికి బురద వాసన వస్తోంది. మునిగిపోయిన తన ఇంటి గోడలూ ఇప్పుడు ఇలాగే చల్లగా ఉంటాయి కాబోలు అనుకున్నాడు. జంట బండెక్కి వెళ్లిపోయింది. నందిని అతని వైపు తిరిగి చూడలేదు.

మహిపాల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తిట్లు తప్పవనుకుని కిష్టయ్య బిగుసుకుపోయాడు. మహిపాల్ నవ్వుతూ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“రేపు కల్వకుర్తిల గూడ సంచి పట్టుకొచ్చి గిట్లనే నిజం చెప్పు, కూలి పెంచుత.”